ఖలీల్ భాయ్ పాస్ చేయని రెక్క

ముందు దాహం గురించి చెప్పాలి. డయాలసిస్ అనగానే అందరూ సూదుల గురించి అడుగుతారు. సూదులదేముంది, గుచ్చినప్పుడు చురుక్కుమంటుంది, తర్వాత ఊరుకుంటుంది. దాహం ఊరుకోదు. మే నెలలో తాండూరు ఎండ ఎట్లా ఉంటుందో అక్కడి నాపరాళ్ల మీద చెప్పుల్లేకుండా నడిచినవాళ్లకు తెలుసు. ఆ ఎండలో రోజంతటికీ ఒక చిన్న సీసాడు నీళ్లు, గోలీలు మింగడానికి కూడా అందులోంచే. నా భార్య సుజాత చిన్న చిన్న ఐసు ముక్కలు చేసి, ఒక్కొక్కటి నోట్లో పెట్టుకొమ్మని ఇచ్చేది. పక్కింటివాళ్ల ట్యాంకు నిండి పొంగిపోతుంటే ఆ చప్పుడుకు నాకు ఏడుపొచ్చేది. నలభై దాటిన మగవాణ్ని, నీళ్ల చప్పుడు విని ఏడ్చాను. రాయడానికి సిగ్గుగానే ఉంది. కానీ కొత్తగా మొదలుపెట్టినవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, మీరొక్కరే కాదని తెలియాలి.

నేను పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్ని. తాండూరులో చిన్న స్టూడియో. బషీరాబాద్ నుంచి దౌల్తాబాద్ దాకా ఏ ఊళ్లో పెళ్లయినా కెమెరా భుజాన వేసుకుని పోయేవాణ్ని. తలనొప్పి వస్తే గోలీ, నడుం పట్టేస్తే గోలీ. బీపీ చూపించుకో అని సుజాత అంటే, ఈ సీజన్ అయిపోనీ అనేవాణ్ని. ఫిబ్రవరిలో దౌల్తాబాద్ దగ్గర ఒక పెళ్లిలో తలంబ్రాలు తీస్తుండగా నాకు ఊపిరి అందలేదు. పొద్దున వేసుకున్న బూట్లు మధ్యాహ్నానికి బిగుసుకుపోయాయి, విప్పితే మళ్లీ ఎక్కలేదు. పెళ్లికొడుకు తండ్రి ఇచ్చిన హవాయి చెప్పులతో ఇంటికొచ్చాను. మీకు కాళ్లు వాస్తుంటే, పొద్దున లేచేసరికి మొహం ఉబ్బుతుంటే, దయచేసి సీజన్ అయ్యేదాకా ఆగకండి. వైద్యం గురించి ఇంతకుమించి చెప్పడం నా పని కాదు.

రెండు కిడ్నీలూ పోయాయన్నారు. సుజాతకు షుగర్ ఉంది కాబట్టి ఆమెది తీసుకోరన్నారు. మా అన్న తనది ఇస్తానన్నాడు. వారం తిరక్కుండానే ఆయన ఫోను మా వదిన ఎత్తడం మొదలైంది. అప్పుడు మస్తు కోపం వచ్చింది, ఇప్పుడు లేదు. ఆయన జాగాలో నేనుంటే నా ఫోను సుజాత ఎత్తేదేమో ఎవరికి తెలుసు. ఎవరిదైనా కిడ్నీ దొరికేదాకా మంగళ, గురు, శని వారాలు వికారాబాద్ వచ్చి మిషను మీద పడుకోవాలన్నారు. దొరుకుతుందని ఎవరూ చెప్పలేదు, దొరకదనీ చెప్పలేదు.

అక్కడ వార్డు బయట వరండాలో సిమెంటు బెంచీలు, వాటి ఎదురుగా బరువు తూచే మిషను. లోపలికి పోయేముందు దాని మీద నిలబడాలి. పోయినసారి ఇంటికి పోయినప్పటి బరువుకూ ఈ రోజు బరువుకూ ఎంత తేడా ఉంటే అంత నీళ్లు తాగినట్టు లెక్క. మన దొంగతనం పదిమంది ముందు బయటపడుతుంది. అందుకని అందరం ఫోను, బెల్టు, తాళంచెవులు తీసి తోడు వచ్చినవాళ్లకు ఇచ్చి ఎక్కేవాళ్లం. బంట్వారం నుంచి వచ్చే ఒక పెద్దమనిషి ఉంగరం కూడా తీసేవాడు. సిస్టర్ నవ్వేది కాదు. ఎన్ని గ్లాసులు తాగారని మాత్రం అడిగేది, మేం నేల చూపులు చూసేవాళ్లం.

ఏప్రిల్‌లో నేను పోవడం మానేశాను. సుజాత కట్టిచ్చిన రొట్టెల సంచి పట్టుకుని తాండూరు స్టేషనుకు పోయాను. రైలు వచ్చింది, పోయింది. నేను బెంచీ మీదే కూర్చున్నాను. ఏం ఆలోచించావని తర్వాత అందరూ అడిగారు. ఏమీ ఆలోచించలేదు. అలసిపోయాను, అంతే. సాయంత్రం దాకా కూర్చుని, వార్డు నుంచి వచ్చినట్టే ఇంటికి పోయాను. తర్వాతి వారం కూడా అదే చేశాను. చివరికి ఒక పొద్దున పడుకుంటే ఊపిరాడక, కూర్చోబెట్టి కారులో తీసుకుపోయారు. నాకు తెలివొచ్చేసరికి సుజాత మంచం పక్కన స్టూలు మీద ఉంది. తిట్టలేదు. ఎప్పుడూ తిట్టే మనిషి తిట్టకపోతే ఎంత భయమో ఆ రోజు తెలిసింది.

"ఇగ పోనని నువ్వు అనుకుంటే జర ముందుగాల నాకు చెప్పు," అంది. "బిడ్డకు ఏం చెప్పాల్నో నేను ఆలోచించుకోవాలె గదా."

మా బిడ్డ అప్పుడు ఇంటర్ చదువుతోంది. నేను గోడవైపు తిరిగాను. మాట ఇవ్వలేదు. మళ్లీ మానేయనని నాకే నమ్మకం లేదు.

మే నెలలో వార్డులో నా మంచం మార్చారు. కొత్త మంచానికి కుడివైపు ఖలీల్ భాయ్ ఉన్నాడు.

ఆయన వయసు డెబ్బైకి దగ్గర. పుట్టింది బషీరాబాద్ పక్కన, తెలుగు, ఉర్దూ, కన్నడం మూడూ ఒకే వాక్యంలో కలిపేవాడు. వాయుసేనలో విమానాల రేకు పని చేసే ఫిట్టరుగా పనిచేసి రిటైరై వికారాబాద్‌లో ఇల్లు కట్టుకున్నాడు. సూదులు గుచ్చడానికి మొదట ఆయన ఎడమ చేతికి నరం కలిపారట, అది చెడిపోతే కుడి చేతికి మార్చారు. అప్పట్నుంచి కుడిచేతి వేళ్లు మొద్దుబారి, చల్లబడి, దేన్నీ గట్టిగా పట్టేవి కావు. నాకు సూదులు ఎడమ చేతికి. అంటే మేమిద్దరం పడుకుంటే నా కుడి చెయ్యి, ఆయన ఎడమ చెయ్యి రెండు మంచాల మధ్య ఖాళీగా ఉండేవి. ఇది నేను గమనించలేదు. ఆయన మొదటి రోజే గమనించాడు.

ఆ మధ్యాహ్నం నేను రొట్టెలు తిని, చుట్టిన ఫాయిల్‌ను ఉండ చేసి బుట్టలోకి విసరబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాడు. ఉండను విప్పి, తొడ మీద పరిచి, చెంచా వెనక వైపుతో నెమ్మదిగా రుద్దాడు. ముడతలు పోయి మెరిసింది. వెలుతురులోకి ఎత్తి చూసి, మడతపెట్టకుండా చుట్టి జేబులో పెట్టుకున్నాడు. పిచ్చోడు దొరికాడురా అనుకున్నాను.

తర్వాతిసారి ఒక అట్టపెట్టె తెచ్చాడు. అందులో ప్లాస్టిక్ ముక్కలతో అతికించిన విమానం, మిగ్ జెట్టు, మూర పొడవు కూడా లేదు. రెక్కలు ఇంకా పెట్టలేదు. తన చెల్లెలి కొడుకు ఎప్పుడో ఇచ్చిన బొమ్మట. ఆయన వాయుసేనలో చేరిన కొత్తలో ఆ విమానాలకు రంగు ఉండేది కాదట. ఒట్టి లోహం, ఎండలో నిలబెడితే చూడలేకపోయేవాళ్లట. తర్వాత వాటన్నిటికీ ఆకుపచ్చ, మట్టి రంగులు వేశారు. రంగు కింద తాను తోమిన రేకు ఉందని తనకొక్కడికే తెలుసన్నట్టు చెప్పాడు. ఒక్కసారి మళ్లీ ఆ వెండి చూడాలని ఆయన కోరిక. వెండి రంగు పూస్తే అది బొమ్మలాగే ఉంటుంది, అసలు లోహమే తొడగాలి. అందుకే రొట్టెల ఫాయిల్.

"నా కుడి చెయ్యి ఖతం. నీది మంచిగుంది," అన్నాడు. "నువ్వొస్తెనే పని నడుస్తది ఫొటో సాబ్. రాకుంటె గిది గిట్లనే ఉంటది."

నాకు నవ్వొచ్చింది, చిరాకూ వచ్చింది. బతుకే ఇట్లా ఉంటే బొమ్మలాటలేంటి అన్నాను. ఆయన విననట్టే నా చేతిలో దూది పెట్టాడు.

పని ఇట్లా ఉండేది. ఇంట్లో ఆయన భార్య షాహెదా ఆపా స్కేలు పట్టుకుంటే, ఆయన ఎడమ చేత్తో బ్లేడు లాగి ఫాయిల్‌ను ముక్కలు కోసేవాడు. అసలు విమానం మీద రేకులు ఎట్లా అతుకుతారో అట్లాగే, ఒక్కో రేకుకు ఒక్కో ముక్క. వెనక జిగురు పూసి, జిగటగా ఆరనిచ్చి, నూనె కాగితాల మధ్య పెట్టి తెచ్చేవాడు. వార్డులోకి బ్లేడు తేకూడదని సిస్టర్ గట్టిగా చెప్పింది, దూదికి మాత్రం ఒప్పుకుంది. ఆయన ఎడమ చేత్తో విమానాన్ని పట్టుకునేవాడు, నేను కుడి చేత్తో ముక్కను పెట్టి మధ్య నుంచి అంచులకు దూదితో రుద్దేవాణ్ని. వేలు తగలకూడదు, చెమట మరక పడుతుంది. కింద ప్లాస్టిక్ మీద సన్న గీత ఉన్నా ఫాయిల్ దాన్ని దాచదు, ఇంకా ఎత్తి చూపిస్తుంది. రుద్దే దిక్కు మారితే మెరుపు మారుతుంది. ఒక రేకు కొంచెం తెల్లగా, పక్కది కొంచెం నల్లగా ఉండాలి, అప్పుడే అది నిజం విమానం అనిపిస్తుంది. వెలుతురు సంగతి నాకు తెలుసు. ఇరవై ఏళ్లు పెళ్లికూతుళ్ల నగల మీద మెరుపు తీసినవాణ్ని. నాకు తెలియకుండానే నాకు పని పట్టుకుంది.

కానీ ఆయనతో వేగడం కష్టం. వాళ్ల డ్యూటీలో ఒక పద్ధతి ఉండేదట. పని చేసినవాడు తన పనిని తానే పాస్ చేయకూడదు, వేరేవాడు చూసి సంతకం పెడితేనే విమానం లేస్తుంది. మా దగ్గర కూడా అదే పద్ధతి అన్నాడు. నేను ముక్క రుద్దడం అయ్యాక, కళ్లు మూసుకుని, ఎడమ చేతి వేళ్ల వెనక వైపు దాని మీద ఆనించి నడిపేవాడు. వేళ్ల ముందు వైపు మొద్దు, వెనక వైపు అబద్ధం చెప్పదు అనేవాడు. అయ్యాక కళ్లు తెరిచి, "పాస్ గాలే," అనేవాడు. ముక్క ఊడదీసేవాడు. నాలుగైదు గంటలు మిషను మీద పడుకుని, ఒక్క ముక్క కోసం రుద్ది రుద్ది, చివరికి అది చెత్తబుట్టలోకి. ఒకరోజు నాకు మండింది. నీ ఎడమ వేళ్లూ మొద్దుబారాయి, పనికి వంక లేదు అన్నాను. అయితే శనివారం వచ్చి నిరూపించు అన్నాడు. శనివారం పళ్లు కొరుక్కుంటూ పోయాను. మంగళవారం కూడా పోయాను. నాకు వంకలు పెట్టిన మనిషిని ఊరికే వదిలే రకం కాదు నేను.

వానలు పడ్డాయి. దాహం కొంచెం తగ్గింది. నా బట్టలు ఉతికినప్పుడు జేబుల్లో దూది దొరికేదని సుజాత గొణిగేది. గొణుగుతుందంటే భయం తగ్గిందన్నమాట. రొట్టెలను ఇప్పుడు ముడత పడకుండా చుట్టేది, కొత్త ఫాయిల్ మెరుపు వైపు బయటికి ఉండాలా లోపలికి ఉండాలా అని అడిగి మరీ చుట్టేది.

విమానం తోక దగ్గర, ఇంజను వేడికి కాలిన చోటు, లోహం నల్లబడి ఉండాలి. దానికి ఏం చేయాలో షాహెదా ఆపాకు తోచింది. మాకు రోజూ గుడ్డు తెల్లసొన తినమని చెప్పేవారు. ఆమె గుడ్లు ఉడకబెట్టే గిన్నెలోనే ఫాయిల్ ముక్కలు వేసి ఉడికించింది. పొగ పట్టిన రంగు వచ్చింది. మధ్యాహ్నం డబ్బాలో తెల్లసొన, కాగితంలో నల్ల ఫాయిల్ రెండూ పట్టుకుని వచ్చింది. ఆయన వేళ్ల వెనక వైపుతో తడిమి, వెంటనే పాస్ అన్నాడు. నా పనికి వంకలు, మీ ఆవిడ పనికి వంక లేదా అని నేను గొడవకు దిగితే వార్డంతా నవ్వింది.

నవ్వని రోజులూ ఉన్నాయి. వార్డులో ఒక సంగతి ఎవరూ చెప్పరు, అందరికీ తెలుస్తుంది. ఎవరి మంచం మీదైనా వాళ్ల దుప్పటి కాకుండా ఉతికిన ఆసుపత్రి దుప్పటి పరిచి ఉంటే, వాళ్ల గురించి అడగకూడదు. ఉంగరం తీసి బరువు చూసుకునే పెద్దమనిషి మంచం మీద ఆగస్టులో అట్లాంటి దుప్పటి చూశాను. ఆ రోజు ఖలీల్ భాయ్ పని తీయలేదు. నేనూ అడగలేదు.

సీతాఫలాల రోజుల్లో తాండూరు రైలు నిండా గంపలే. మాకు సీతాఫలం ముట్టకూడదు. ఒకటి తెచ్చిపెట్టు, తినను, వాసన చూస్తానన్నాడు. తెచ్చాను. దాన్ని ఛాతీ మీద పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. సిస్టర్ చూసి లాక్కుని మా ఇద్దరినీ కలిపి తిట్టింది.

డిసెంబరుకు విమానం మొత్తం వెండి అయింది. కుడి రెక్క కింద వైపు ఒక్క ముక్క మిగిలింది. రెక్కను ఇంకా విమానానికి అతికించలేదు. ఒక శనివారం ఆ ముక్క రుద్దాను. నా పని నాకు తెలుసు, అది బాగా వచ్చింది. కిటికీ వెలుతురు దాని మీద నీళ్లలా పారింది. ఆయన చాలాసేపు తడిమాడు. మనిషి బాగా నీరసంగా ఉన్నాడు, పెదాలు నల్లగా ఉన్నాయి.

"పాస్ గాలే," అన్నాడు. "ఇంటికి తీస్కపో, ఊడదీసి, మంగళవారం మళ్ల తెస్తివంటె జూద్దాం."

శనివారానికీ మంగళవారానికీ మధ్య రెండు రోజులు ఎడం. మాలాంటివాళ్లం భయపడేది ఆ రెండు రోజులకే. మంగళవారం పొద్దున నేను రెక్కను సంచిలో పెట్టుకుని వార్డులోకి అడుగుపెట్టాను. కుడివైపు మంచం మీద ఉతికిన దుప్పటి ఉంది.

నేను అడగలేదు. నన్ను పడుకోబెట్టారు, సూదులు గుచ్చారు, మిషను తిరిగింది. నా కుడి చెయ్యి మంచం పక్కకు వేలాడుతోంది, దానికి పని లేదు. సిస్టర్ వచ్చి ఆ చేతిని ఎత్తి నా పొట్ట మీద పెట్టి, ఆదివారం ఇంట్లోనే పోయాడని చెప్పింది. కాసేపు అక్కడే నిలబడింది. ఆమెకు ఆ రోజు చాలా పని ఉంది, అయినా నిలబడింది.

గురువారం నేను పోలేదు. ఈసారి అబద్ధం చెప్పలేదు. పోనని సుజాతకు చెప్పాను. ముందుగాల చెప్పమంది కదా, చెప్పాను. ఆమె పిండి కలుపుతోంది. చేతులు ఆగిపోయాయి. ఆ రెక్క వాళ్లది, కనీసం దాన్నైనా ఇచ్చి రమ్మంది. అది న్యాయమే అనిపించింది. శనివారం రైలెక్కాను. ఆసుపత్రికి పోయే ఉద్దేశం లేదు. రెక్క ఇచ్చి, మళ్లీ రైలెక్కి ఇంటికి వచ్చేయాలనుకున్నాను. స్టేషను నుంచి వాళ్లింటి దాకా నడుస్తుంటే మూడుచోట్ల ఆగి ఊపిరి తీసుకున్నాను.

తలుపు ఖలీల్ భాయ్ అక్క తీసింది, ముసలామె. షాహెదా ఆపా ఇద్దత్‌లో ఉంది. భర్త పోయిన ఆడమనిషి ఆ నెలలన్నీ ఇల్లు కదలదు, బయటి మగవాళ్ల ఎదుటికి రాదు. నన్ను ముందు గదిలో కూర్చోబెట్టారు. లోపలి గది గుమ్మానికి పరదా వేసి ఉంది. ఆమె దాని వెనక కూర్చుంది. నెలల తరబడి నాకు గుడ్లు ఒలిచి పెట్టిన మనిషి, ఇప్పుడు గొంతు మాత్రమే. ఎదురుగా బల్ల మీద విమానం, ఒంటి రెక్కతో.

రెక్క తెచ్చాను ఆపా, మిగిలిన పని ఇంకెవరితోనైనా చేయించండి అన్నాను. ఇంక నేను రాలేనన్నాను. ఎక్కడికి రాలేనో చెప్పలేదు. ఆమెకు అర్థమైంది.

"భయ్యా, ఒక మాట చెప్త, గుస్సా గాకు," అంది పరదా వెనక నుంచి. "నీ పని ఆయనకు మస్తు పసందుండె. ఇంటికొచ్చి చెప్తుండె. ఫొటో సాబ్ చెయ్యి మంచిగుంది, మరి నేను పాస్ జేయలే, పాస్ జేస్తె పని అయిపోతది, మళ్ల రాడు అని."

ఊడదీసిన ముక్కలన్నీ గుర్తొచ్చాయి. నేను ఆయన్ని తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చాయి. ఆ ముసలోడు తన వెండి విమానాన్ని చూసుకోవాలన్న కోరికను నా కోసం వారం వారం వెనక్కి నెట్టుకుంటూ పోయాడు. చివరికి పూర్తిగా చూడకుండానే పోయాడు. నేను ఆ ఇంట్లో, ముక్కూ మొహం తెలియని ముసలామె ముందు, వెక్కి వెక్కి ఏడ్చాను.

నేను తేరుకున్నాక షాహెదా ఆపా రెక్క అడిగింది. ముసలామె నా సంచిలోంచి తీసి పరదా పక్క నుంచి లోపలికి అందించింది. పోయిన శనివారం నేను రుద్దిన ముక్కను నేనింకా ఊడదీయలేదు, అట్లాగే ఉంది. లోపల చప్పుడు లేదు. గాజుల చప్పుడు కూడా లేదు. ఆమె కళ్లు మూసుకుందో లేదో నాకు కనిపించలేదు, కానీ వేళ్ల వెనక వైపు దాని మీద నడుస్తోందని నాకు తెలుసు. చాలాసేపు పట్టింది.

"పాస్ గాలే భయ్యా," అంది. "మంగళవారం మళ్ల తీస్కరా."

రెక్క పరదా పక్క నుంచి బయటికి వచ్చింది. నేను తీసుకున్నాను. అక్కడి నుంచి ఆటో ఎక్కి ఆసుపత్రికి పోయాను. సిస్టర్ నా బరువు చూసి నోటికొచ్చినట్టు తిట్టి, వెంటనే పడుకోబెట్టింది.

ఆ తర్వాత ఇంకో ఎండాకాలం గడిచింది. కిడ్నీ ఇంకా దొరకలేదు. దాహం అట్లాగే ఉంది. నా కుడివైపు మంచానికి వేరే మనిషి వచ్చాడు, అతనికీ సూదులు ఎడమ చేతికే, కాబట్టి మా చేతులు కలవవు. సుజాత ఇప్పటికీ ఫాయిల్‌ను ముడత పడకుండా చుడుతుంది. ప్రతి మంగళవారం మిషను మీది నుంచి లేచాక, సాయంత్రం రైలుకు ముందు, ఇంట్లో కొత్త ముక్క అతికించి తెచ్చిన రెక్క పట్టుకుని వాళ్లింటికి పోతాను. షాహెదా ఆపా ఇద్దత్ ముగిసి చాలా నెలలైంది, ఇప్పుడు పరదా లేదు. ఎదురుగా కూర్చుని, తెల్లసొన గిన్నె నా ముందు పెట్టి, రెక్కను ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకుంటుంది.

పోయిన మంగళవారం ముక్క చాలా బాగా వచ్చింది. వెలుతురు గురించి తెలిసినవాణ్ని, నాకు తెలుసు, అంతకన్నా బాగా ఎవరూ చేయలేరు. ఆమెకూ తెలుసు. వేళ్ల వెనక వైపుతో అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు తడిమింది. పాస్ కాలేదంది. సరే ఆపా అని, అక్కడే కూర్చుని ముక్క ఊడదీసి, రెక్కను సంచిలో పెట్టుకుని రైలుకు బయల్దేరాను.